ముందు గది తాళంచెవి

తాళంచెవి కోడలు చీర మీద తొడుక్కున్న పనికోటు జేబులో ఉంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అడిగే ధైర్యమే ఎవరికీ లేదు.

పొద్దున లేస్తూనే ముందు గది తలుపు దగ్గరకు లాగి, తాళం తిప్పి, పడిందో లేదో గుంజి చూసి మరీ వెనకింట్లోకి వచ్చి ఇస్త్రీ బల్ల ముందు నిలబడింది. అప్పటినుంచి నోరు విప్పలేదు. ఆవిడ బదులు ఇస్త్రీ పెట్టె మాట్లాడుతోంది. తడి దుప్పటి మీద చుయ్యిమని ఒక మాట, బల్ల అంచు మీద ఠక్కుమని ఇంకో మాట.

సాయంత్రం కూడిక ఉంది. ఆ వీధివాళ్ళు కొందరు వారానికోసారి ఆ ముందు గదిలోనే చేరి దేవుణ్ణి తలుచుకుంటారు. వాళ్ళకు గుడీ లేదు, గోపురమూ లేదు, ఉన్నదల్లా ఈ ఇస్త్రీవాళ్ళ ముందు గది. అది మూసేస్తే కూడిక చెదిరిపోతుందని కోడలికి తెలియక కాదు. తెలిసే వేసింది తాళం. నిన్న తను కట్టుకున్న సంచి మంచం పక్కన అలాగే ఉంది మరి. పుట్టింటికి వెళ్ళి నాలుగు రోజులుందామని ఎప్పటినుంచో అనుకుంటుంటే, అక్క కూడా పసిబిడ్డతో అక్కడికే వస్తుంటే, అత్తగారు పోయి మేడమీద టీచరమ్మకు మాటిచ్చి వచ్చింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన మీ అమ్మ దగ్గర పగటిపూట మా కోడలు కూర్చుంటుంది, నువ్వు నిశ్చింతగా బడికి వెళ్ళి పాఠాలు చెప్పుకో అని.

కోడల్ని ఒక్క మాట అడగలేదు.

"అమ్మాయ్, టీ తాగు," అంటూ అత్తగారు వచ్చి గ్లాసు బల్ల మీద పెట్టింది. ఎడం చేత్తో పెట్టింది.

కోడలు ఆ చెయ్యి చూసింది. ఈమధ్య ఇదొకటి మొదలైంది. ఊళ్ళోవాళ్ళతో అమ్మా అయ్యా అని అన్ని మర్యాదలూ, ఇంట్లోదానికి మాత్రం ఎడం చేత్తో టీ.

"అక్కడుంచండి."

"చల్లారిపోతుంది."

"చల్లారినవి తాగడం నాకు అలవాటే అత్తయ్యా."

అత్తగారు వెళ్ళలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడి, ఉతికిన దుప్పట్ల గుట్ట వైపు చూసింది. బస్టాండు పక్క లాడ్జీవి. ముతక గుడ్డ, ఒక్కొక్కటీ తడిసిన గోనెసంచంత బరువు. ఒకప్పుడు వాటిని అత్తగారే ఇస్త్రీ చేసేది, కోడలు చొక్కాలూ పిల్లల గౌన్లూ చూసుకునేది. ఎప్పుడు, ఎలా మారిందో గానీ ఇప్పుడు దుప్పట్లన్నీ కోడలి బల్ల మీదికే చేరాయి.

"ఆ తాళం సంగతి," అంది అత్తగారు మెల్లగా.

"తాళానికేం, బాగానే ఉంది."

"బాగానే ఉంది గనకే అడుగుతున్నా. సాయంత్రం అందరూ వస్తారు."

"రానివ్వండి. వీధి విశాలంగా ఉంది."

"నా మీద కోపముంటే నన్ను నాలుగు మాటలను. దేవుడి గది ఏం చేసిందమ్మా?"

అంతే. ఇస్త్రీ పెట్టె ఠక్కుమని బల్ల అంచు మీద కూర్చుంది.

"అంటాను. అనమన్నారుగా. పక్కింటి పిల్లికి నలతగా ఉందన్నా మీరు కూడికలో చెప్తారు. పాలాయన సైకిలు చక్రం వంగిందన్నా చెప్తారు. ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి వింటున్నాను. ఒక్కసారైనా నన్ను తలిచారా? జ్వరంతో పడుకున్నప్పుడు తలిచారా? కడుపు పోయినప్పుడు తలిచారా?"

అత్తగారి మొహం పాలిపోయింది.

"నువ్వు ఇంటి మనిషివి కదే. ఇంటికోసం అడిగితే నాకోసం నేను అడుక్కున్నట్టే. అది మన కట్టుబాటు కాదు."

"అంటే మీ ఇంటి మనిషినైనందుకు నాకు దేవుడి దగ్గర తలుపు మూసేశారన్నమాట. నేను మూసింది ఒక్క గది తలుపే."

అత్తగారు చల్లారిన టీ గ్లాసు ఎడం చేత్తోనే తీసుకుని వెళ్ళిపోయింది. కోడలికి మాత్రం, అనేశాక, తేలిక పడాల్సిన మనసు ఎందుకో ఇంకా బరువెక్కింది. మళ్ళీ పెట్టె అందుకుంది.

ఆ కట్టుబాటు పోయిన మామగారు పెట్టింది. ఎవడి గిన్నె వాడు నింపుకుంటే అది హోటలు, పక్కవాడి గిన్నె నింపితే అది ఇల్లు అనేవాడాయన. అందుకని కూడికలో ఎవరూ తమకోసం తాము దేవుణ్ణి అడగకూడదు. పక్కవాళ్ళ కష్టం మీరు కనిపెట్టి మీరే అడగాలి. అడిగిన నోరే ముందుగా చెయ్యి వెయ్యాలి, ఊరికే దేవుడి మీద పారేసి ఇంటికి పోతే కుదరదు. ఎవరి పేరు వచ్చిందో వాళ్ళు వద్దనకూడదు. వద్దంటే ఇచ్చేవాడి చెయ్యి గాల్లో ఉండిపోతుంది కదా. ఇంతే శాస్త్రం. దానితోనే ఆ వీధిలో ఎన్ని ఇళ్ళు నిలబడ్డాయో. కూడికకు రానివాళ్ళు కూడా ఆ గది ముందునుంచి పోతూ చెప్పులు చప్పుడు కాకుండా నడుస్తారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కోడలికీ ఆ కూడిక అంటే ఇష్టమే. వెనకాల గోడకు ఆనుకుని కూర్చుంటే చల్లగా ఉంటుంది మనసు. కాకపోతే ఇన్నేళ్ళలో అక్కడ తను నోరు తెరవలేదు. తన పేరు ఎవరైనా చెప్తారేమోనని చూస్తూ చూస్తూ, ఇంకొకరి పేరు చెప్పడం మరిచిపోయింది.

మధ్యాహ్నం భోజనానికి మొగుడొచ్చాడు. సిటీ బస్సు కండక్టరు. చేతులు కడుక్కుంటూ తల్లి మొహం చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు, కుక్కిన పేనులా కూర్చుని అన్నం కలుపుకున్నాడు.

"ఏమిటిరా, నువ్వైనా చెప్పవేం," అంది తల్లి.

"ఏం చెప్పనమ్మా. బస్సులోనైతే ముందుకు జరగండి, వెనక్కి జరగండి అని అరుస్తాను. ఇక్కడ ఎటు జరగమన్నా నా మీదే పడతారు."

"మీరు అలాగే ఈల వేసుకుంటూ ఉండండి," అంది పెళ్ళాం. "బస్సు ఎటు పోతే మీకేం."

"పోనీ టిక్కెట్టు కొట్టమంటావా? రేపు పొద్దుటి బండికి. వెళ్ళి రా. నాలుగు రోజులు నేను సెలవు పెట్టి ఇస్త్రీ చేస్తాను."

కోడలికి నవ్వొచ్చింది, గానీ ఆపుకుంది. కిందటిసారి ఆయన ఇస్త్రీ చేసిన చొక్కా మీద పెట్టె ఆకారం ఇంకా ఉంది. దాన్ని ఆయనే ఇంట్లో తొడుక్కు తిరుగుతున్నాడు.

"రేపు వెళ్ళేది నాలుగు రోజులకు కాదేమో," అంది గోడ వైపు చూస్తూ. "ఈ ఇంట్లో ఆ గది కావాలో నేను కావాలో తేలాక వస్తాను."

కండక్టరు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. తల్లి లేచి పెరట్లోకి వెళ్ళింది. ఆమె కంచంలో అన్నం అన్నంలాగే ఉంది.

సాయంత్రం నీరెండ వీధిలో సగానికి వచ్చేసరికి కూడికవాళ్ళు ఒక్కొక్కరే రాసాగారు. తలుపు వేసి ఉంది. ఎందుకని ఎవరూ అడగలేదు. మెట్ల మీద కొందరు, అరుగు మీద కొందరు సర్దుకున్నారు. కోడలు సందు మీదుగా అరుగు కనిపించే వంటింటి కిటికీ పక్కన నిలబడి వింటోంది. వినడం లేదని చూపించడానికి చేతిలో ఒక గిన్నె పట్టుకుని అదేపనిగా తుడుస్తోంది.

"తాళాలాయనా, నీ చేతిలో పనే కదా, ఒక్క తిప్పు తిప్పరాదూ," అని ఎవరో వేళాకోళమాడారు.

తాళాలాయన మార్కెట్టు మూల తాళాలు బాగుచేసే ముసలాయన. దొంగకైనా దొరకైనా ఒకే రేటు అంటాడు.

"తీయగలను. తీయను," అన్నాడు. "తాళం వేసింది ఇంటి మనిషి. ఇంటి మనిషి వేసిన తాళం బయటివాడు తీస్తే దాన్ని దొంగతనమంటారు, ప్రార్థన అనరు."

"మరి లోపలికి పోవడం ఎలా?"

"పోకపోతే ఏమైంది? అరుగు మీద దేవుడు కూర్చోడా? ఆయనకేమైనా నడుం నొప్పా?"

అందరూ నవ్వారు. కోడలికి ఆ నవ్వు గుచ్చుకోవాలి, గుచ్చుకోలేదు. గిన్నె తుడవడం ఆపేసింది.

అంతలో మేడమీద టీచరమ్మ దిగి వచ్చింది. అరుగు చివర ఆరిన దుప్పట్లు కుప్పగా ఉంటే, ఊరికే కూర్చోవడమెందుకని ఒకటి తీసి మడత పెట్టసాగింది. రెండో కొస పట్టుకోవడానికి తాళాలాయన లేచాడు. తర్వాతి దుప్పటికి ఇంకొకరు. కాసేపట్లో మెట్ల మీద చక్కగా దుప్పట్ల దొంతర లేచింది. ఇస్త్రీ కానివన్న సంగతి ఎవరికీ పట్టలేదు, వాటిని మళ్ళీ విప్పాలి. కోడలు లోపలే తల కొట్టుకుంది.

"పెద్దమ్మా," అంది టీచరమ్మ మడత సర్దుతూ. వీధంతా అత్తగారిని అలాగే పిలుస్తుంది. "మీ కోడలు సంచి కట్టుకుందని నాకు ఇవాళ తెలిసింది. తెలిస్తే నిన్న ఒప్పుకునేదాన్నా? మా తమ్ముడికి కబురు పెట్టాను, వాడొచ్చి కూర్చుంటాడు అమ్మ దగ్గర. ఆ పిల్లను వెళ్ళనివ్వండి."

అత్తగారు లేచి ఇంటి పక్కనున్న సందులోంచి వెనకింట్లోకి వచ్చింది. గబగబా బల్ల వెనక్కి చేరిన కోడలి ఎదురుగా నిలబడింది. ఇద్దరి మధ్యా ఇస్త్రీ బల్ల.

"విన్నావు కదా."

"ఊఁ."

"నీ సెలవు నాది కాదు, ఒకరికివ్వడానికి. నాది నేనిస్తే దానం, నీది నేనిస్తే ఏమంటారో ఆ తాళాలాయన చెప్పనే చెప్పాడు. రేపు వెళ్ళు. నాలుగు రోజులు కాదు, నీ మనసు కుదుటపడేదాకా ఉండు. తాళం నీ ఇష్టం. మేం అరుగు మీదే కూర్చుంటాం."

ఇంత చెప్పాక ఇంకేం పోట్లాడాలి? పోట్లాటకు వచ్చినవాళ్ళు కత్తి కింద పెట్టేస్తే చేతిలో ఉన్న కత్తి మనకే బరువు. కోడలు జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

అత్తగారు దాన్ని ఎడం చేత్తో అందుకుని నడవలోకి వెళ్ళింది. ఆ ముందు గదికి రెండు గుమ్మాలు. వీధి వైపుది లోపల గడియ పెట్టుకునేది. నడవ వైపుది పాతకాలం తాళం తలుపు, లోపలినుంచైనా బయటినుంచైనా ఒకే చెవి.

కోడలు వెంట వెళ్ళాలనుకోలేదు. కాళ్ళే వెళ్ళాయి.

అత్తగారు చెవి పెట్టింది. కుడి చేత్తో తిప్పబోయింది. తిరగలేదు. ఒకసారి వెనక్కి చూడకుండానే చెయ్యి దులిపి, మళ్ళీ పట్టుకుంది. వేళ్ళు చెవి చుట్టూ మూసుకోవడమే లేదు. ఎడం చెయ్యి కూడా సాయం పట్టి, భుజం తలుపుకు ఆనించి తోసింది. పళ్ళు బిగించిన చప్పుడు కోడలికి వినిపించింది.

కోడలు ఉన్నచోటే ఆగిపోయింది. ఎడం చేతి టీ గ్లాసు గుర్తొచ్చింది. బరువు దుప్పట్లన్నీ తన బల్ల మీదికి రావడం గుర్తొచ్చింది. ఈమధ్య అత్తగారు వీధిలో ఎక్కడికి పోయినా ఒంటి చేత్తో అయ్యే పనులకే పోతోంది. ముసలామె పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం, పసివాణ్ణి ఉయ్యాల ఊపడం. ఇంట్లో పని నామీద పడేసి ఊరు ఉద్ధరించడానికి పోతోందని మొగుడితో ఎన్నిసార్లు అందో. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని కూడా అంది.

దగ్గరకు వెళ్ళి అత్తగారి చేతి మీద తన చెయ్యి వేసింది. మణికట్టు దగ్గర వాచి, వేడిగా, వెదురు కణుపులా తగిలింది. చెవి తిరిగింది. తలుపు తెరుచుకుంది.

"ఎప్పటినుంచి?"

"ఏది?"

"ఈ చెయ్యి."

"తాళం బిగుసుకుంది. నూనె వెయ్యాలి."

"కిందటి వారమే తాళాలాయన నూనె వేశాడు అత్తయ్యా. వేలితో తిప్పినా తిరుగుతోంది."

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. ఆ చూపు ఎవరి దగ్గరా ఎప్పుడూ ఏమీ అడగని మనిషిది. ఇప్పుడు అడుగుతోంది.

"అక్కడ అనకు," అంది గొంతు తగ్గించి. "ఒక్కసారి నా పేరు వచ్చిందంటే నన్నిక పెట్టె ముట్టనివ్వరు. లాడ్జీ పని పంచేసుకుంటారు. నీళ్ళు కూడా తెచ్చి నోటికందిస్తారు. పెట్టె పట్టని చెయ్యి ఎవరికి కావాలి? ఇచ్చే చెయ్యి మీద ఇన్నాళ్ళు బతికానే తల్లీ, పుచ్చుకోవడం నాకు రాదు. అనకు."

కోడలు అనననీ అనలేదు, అంటాననీ అనలేదు. లోపలికి వెళ్ళి వీధి గుమ్మం గడియ తీసింది.

"రండి," అంది అరుగు మీదివాళ్ళతో. "ఆ దుప్పట్లు కూడా తెండి. మడతలు నేను తర్వాత విప్పుకుంటాలెండి."

గది నిండింది. దీపం పెట్టారు. పాట పాడారు. తాళాలాయన శ్రుతి ఎప్పటిలాగే తుప్పుపట్టిన తాళంలో చెవి తిప్పినట్టుంది, అయినా అది లేకపోతే పాట వెలితిగా ఉంటుంది. కండక్టరు డ్యూటీ దిగి సరాసరి వచ్చి పెళ్ళాం పక్కన చోటు చూసుకున్నాడు. తలుపు తెరిచి ఉండడం చూసి ఊపిరి పీల్చుకున్నాడు పాపం.

అందరూ ఒకరికోసం ఒకరు చెప్పుకుంటూ వచ్చారు. చెప్పినవాళ్ళు ఏం చేస్తారో కూడా చెప్పుకున్నారు. వంతు అత్తగారి దగ్గరకొచ్చింది. ఆమె కుడి చెయ్యిని ఎడం చేతి కింద ఒళ్ళో దాచుకుని కూర్చుంది.

"మా కోడలు," అంది.

ఆ నోట ఆ మాట కొత్త.

"అలిసిపోయింది. దీపం కింద చీకటంటారే, అలా నాకు వీధంతా కనిపించింది, పక్కన నిలబడ్డది కనిపించలేదు. ఇంటి మనిషి మనిషి కాదా? ఇంటివాళ్ళ పేరెత్తకూడదని మీ పెద్దాయన అనలేదు, నేనే అలా అనుకున్నాను. రేపు ఆ పిల్ల పుట్టింటికి వెళ్తుంది. దేవుడు దాన్ని చల్లగా చూడాలి. అడిగిన నోరే చెయ్యి వెయ్యాలి గనక, వచ్చేదాకా లాడ్జీ దుప్పట్లన్నీ నేను ఇస్త్రీ చేస్తాను."

కోడలి కళ్ళు మసకబారాయి. ఎన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. విన్నాక మనసు వెన్నలా అయిపోయింది. అయితే ఆ వెన్నలోనే ముల్లు. పేరు వచ్చినవాళ్ళు వద్దనకూడదు. సరేనని రేపు బండెక్కితే, తను తిరిగొచ్చేసరికి ఆ మణికట్టు మిగలదు. వెళ్ళనంటే, మొదటిసారి తనకోసం చాచిన చేతిని గాల్లో వదిలేసినట్టు. అనకు అని అడిగిన చూపు ఒకటి ఉండనే ఉంది.

వంతు గోడ దగ్గరికి వచ్చింది. ఎప్పటిలాగే ఆమె తల ఊపి వదిలేస్తుందని పక్కావిడ అప్పుడే గొంతు సవరించుకుంటోంది.

"నాది కాలేదు," అంది కోడలు.

అందరూ తిరిగి చూశారు. కండక్టరు నోరు తెరిచాడు.

"నేను ఇంతవరకూ ఇక్కడ ఎవరి పేరూ చెప్పలేదు. ఎలా చెప్పాలో కూడా తెలీదు. మా అత్తయ్య. ఆవిడ కుడి చెయ్యి పనిచెయ్యడం లేదు. ఎన్నాళ్ళనుంచో నాకూ తెలీదు, పక్కనే ఉన్నాను గానీ నేనూ చూడలేదు. రేపు ఆవిణ్ణి డాక్టరు దగ్గరకు నేను తీసుకెళ్తాను. మా అక్క ఎలాగూ పసిబిడ్డతో అక్కడికి వస్తోంది, అమ్మను తీసుకుని ఇక్కడికే రమ్మంటాను. పుట్టిల్లే నా దగ్గరకొస్తుంది, వెళ్ళినట్టే కదా. దుప్పట్ల సంగతి మీరు చూడాలి."

టీచరమ్మ చటుక్కున ముందుకు వంగి అత్తగారి ఒళ్ళోకి చూసింది. ఎడం చేతి కింద దాక్కున్న కుడి చెయ్యి ఇంకా లోపలికి జరిగింది.

"పెద్దమ్మా," అన్నాడు తాళాలాయన నెమ్మదిగా. "పేరు వచ్చింది."

మౌనం అర్ధాంగీకారమని చాలామంది తల ఊపబోయారు కూడా. అంతలో అత్తగారు లేచి నిలబడింది.

"వద్దు," అంది.

ఆ గదిలో ఇంతకాలం ఎవరూ అనని మాట అది. ఎవరైనా అనబోతే కళ్ళతోనే ఆపిన మనిషి అన్న మాట. కొడుకు తల్లి వైపూ పెళ్ళాం వైపూ చూసి, ఎటు జరగాలో తెలియక గోడకు అతుక్కుపోయాడు. అత్తగారు నడవ గుమ్మం వైపు గబగబా అడుగులు వేసింది.

కోడలు ఆమె కంటే ముందు వెళ్ళింది. ఆ తలుపు మూసి, చెవి తిప్పింది. వీధి గుమ్మానికి గడియ పెట్టి, దాని ముందు చాప లాక్కుని బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తాళంచెవి జేబులో పడేసుకుంది.

"కూర్చోండి అత్తయ్యా," అంది. "మీరు సరే అనేదాకా ఎవరమూ కదలం."

"నావైపు చూడకు పెద్దమ్మా," అన్నాడు తాళాలాయన కాళ్ళు చాపుకుంటూ. "ఇంటి మనిషి వేసిన తాళం నేను తియ్యనని ముందే చెప్పాను."